బాస్ ఫిషింగ్‌కి ఫ్లోరోకార్బన్ లీడర్: కనపడకపోవడం కంటే తెగకపోవడం ముఖ్యం

హాయ్ అందరికీ. బాస్ అంటే ఇక్కడి లేక్‌లలో పట్టే చేప, లీడర్ అంటే మెయిన్ లైన్ చివర, గాలం దగ్గర కట్టే లైన్ ముక్క, ఫ్లోరోకార్బన్ అంటే అది తయారయ్యే ఒక రకం ప్లాస్టిక్. ముందే చెప్పేస్తున్నా, ఈ ఫ్లోరోకార్బన్ లీడర్ స్పూల్ (15 పౌండ్ల లాగుడు తట్టుకునేది) కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపించారు, డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. పొడవు, మందం, ధర జోలికి పోను.

ఫ్లోరో నీళ్లలో కనపడదు అని అందరూ చెప్తారు కదా, అది సగమే నిజం. వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే లెక్కలో నీళ్లది 1.33, ఫ్లోరోది 1.42, నైలాన్‌ది 1.5 పైనే. నీళ్లకి దగ్గరగా ఉంది, అంతే, మాయమైపోదు. పైగా మన డల్లాస్ చుట్టుపక్కల లేక్‌లు గట్టి వాన పడిందంటే మట్టి రంగే, అక్కడ బాస్‌కి ఏ లైనైనా ఒకటే.

నేను లీడర్ కట్టేది రాపిడి కోసం. టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్‌కి వెళ్లినవాళ్లకి తెలుసు, నీళ్లలో ఎక్కడ చూసినా నిలబడ్డ ఎండు చెట్లే. టెక్సాస్ రికార్డు లార్జ్‌మౌత్ బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో అక్కడే పడింది. పెద్ద బాస్ జిగ్ (తలకి బరువున్న ఎర) నోట్లో పెట్టుకోగానే తిన్నగా దుంగల్లోకి దూరుతుంది, అప్పుడు బ్రెయిడ్ (పోగులు అల్లి చేసిన మెయిన్ లైన్) ఎంత బలమైనదైనా చెక్కలోకి కోసుకుపోయి ఇరుక్కుంటుంది, లేదా రాయికి ఒరుసుకుని పోగులు లేస్తుంది. ఈ లీడర్ అక్కడ నిలబడింది! ప్రతి చేప తర్వాత చివరి అడుగు లైన్‌ని వేళ్ల మధ్య లాగి చూస్తాను, గరుకు తగిలితే కోసేసి మళ్లీ కడతాను. ఇంతకుముందు వాడింది రీల్ నిండా చుట్టుకోవడానికి చేసిన మెత్తటి ఫ్లోరో, దానికి ఒకట్రెండు చేపలకే గరుకు వచ్చేసేది. ఇది గట్టి రకం, లీడర్ కోసమే చేసింది. కొనేటప్పుడు డబ్బా మీద ఆ తేడా తప్పకుండా చూడండి, రెండిటికీ ఫ్లోరోకార్బన్ అనే రాస్తారు.

ఇక ముడి. దీని గురించి ఎంతసేపైనా మాట్లాడతాను, ఎందుకంటే ఫ్లోరో మంచిది కాదు, ఊరికే తెగుతుంది అనేవాళ్ల లైన్ చూస్తే చాలాసార్లు తెగింది ముడి దగ్గరే. పొడిగా బిగిస్తే ఆ రాపిడికి వేడి పుట్టి లైన్ అక్కడే బలహీనపడుతుంది. ఉమ్మితో తడపండి, నెమ్మదిగా లాగండి, వంకరగా కూర్చుంటే మొహమాటపడకుండా కోసేయండి. బ్రెయిడ్‌కి కలపడానికి నేను ఎఫ్‌జీ ముడే వేస్తాను, జడ అల్లినట్టు బ్రెయిడ్‌ని లీడర్ చుట్టూ అటూ ఇటూ తిప్పడం. సన్నగా ఉంటుంది కాబట్టి రాడ్ మీది రింగుల్లోంచి (గైడ్స్) తగలకుండా జారిపోతుంది, లీడర్‌ని రాడ్ పొడవంత పెట్టుకోవచ్చు. పడవలో గాలికి అది కుదరకపోతే డబుల్ యూని అనే ముడి వేయండి, కానీ ఆ ముడి లావు, అందుకని లీడర్ పొట్టిగా పెట్టి ముడి రాడ్ కొస బయటే ఉండేలా విసరండి.

ఇందులో నాకు ఒళ్లు మండింది ఒక్కటే, స్పూల్ మీద ఆ ఎలాస్టిక్ బ్యాండ్. గట్టి లైన్‌కి చుట్టలుగా లేచే గుణం ఉంటుందని తెలిసి కూడా ఇంత వదులు బ్యాండ్ ఎలా పెడతారు? బ్యాగులోంచి తీస్తే సగం లైన్ బయటే ఉంటోంది. నేను వేరే రబ్బర్ బ్యాండ్ వేశాను.

టాప్‌వాటర్‌కి, అంటే పాపర్ లాంటి నీళ్ల పైన తేలే లూర్లకి మాత్రం ఇది వద్దు. ఫ్లోరో నీళ్లకంటే దాదాపు 1.78 రెట్లు బరువు, మునిగిపోతుంది, పాపర్ ముక్కుని కిందికి లాగేస్తుంది. దానికి మామూలు నైలాన్ మోనో కట్టుకోండి. ఊళ్లో గుర్రపుడెక్క మీద కప్ప లూర్‌తో కొర్రమీను పట్టే తమ్ముళ్లకి కూడా ఇది వద్దనే చెప్తాను, అక్కడ మీకు లావు బ్రెయిడ్ నేరుగా కట్టుకుంటే సరిపోతుంది, దీనికి డబ్బులు పెట్టకండి.

జిగ్‌కి, టెక్సాస్ రిగ్‌కి (మెత్తటి ప్లాస్టిక్ ఎరలో కొక్కెం మొన దాచి కట్టేది) అయితే కళ్లు మూసుకుని కొనేయొచ్చు. బ్యాండ్ సంగతి కంపెనీకి రాశాను. ఈ స్పూల్ అయిపోతే తర్వాతది నా డబ్బులతోనే కొంటాను, డ్రాప్‌షాట్ (అడుగున బరువు, దాని పైన కొక్కెం కట్టే పద్ధతి) కోసం 8 పౌండ్లది ఆల్రెడీ ఆర్డర్ పెట్టేశాను.