టార్గెట్ పేరుతో మోసం చేయిస్తుంటే, ఎవరికి చెప్పాలి? ఎలా చెప్పాలి?

నమస్కారం అండి. బ్యాంకులో సేల్స్ చేసే ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "అన్నా, మా బ్రాంచ్‌లో పెద్దవయసు వాళ్ళకి ఎఫ్‌డీ అని చెప్పి ఇన్సూరెన్స్ పాలసీలు అంటగడుతున్నారు, నా చేత కూడా అదే చేయిస్తున్నారు. పైవాళ్ళకి రాస్తే నా ఉద్యోగం ఉంటుందా?"

ఉంటుందని నేను మాట ఇవ్వలేను. కానీ నోరు మూసుకుని చెప్పింది చేస్తే ఉద్యోగం నిలుస్తుందనుకోవడం కూడా భ్రమే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకులో ఏం జరిగిందో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. మనకి తెలిసిన పేరే, హైదరాబాద్‌లో వాళ్ళకి పెద్ద ఆఫీసే ఉంది. నేను చెప్పేది మాత్రం అమెరికాలో వాళ్ళ బ్రాంచ్‌ల సంగతి.

ఒక్కో కుటుంబానికి ఎనిమిది ప్రోడక్టులు అమ్మాలని ఆ బ్యాంకు లక్ష్యం పెట్టుకుంది. ఎనిమిదే ఎందుకు అంటే, ఇంగ్లీషులో ఎయిట్‌కి గ్రేట్‌తో ప్రాస కుదురుతుందని అప్పటి సీఈఓ జాన్ స్టంఫ్ 2010 వార్షిక నివేదికలో రాశారు. జనానికి ఎన్ని ఖాతాలు అవసరమో చూసి పెట్టిన లెక్క కాదన్నమాట. ఆ లెక్క కింద బ్రాంచ్‌కి వచ్చేసరికి రోజువారీ టార్గెట్ అయింది, పొద్దున ఎన్ని, మధ్యాహ్నానికి ఎన్ని అని ఫోన్ల మీద ఫోన్లు, పూర్తికాకపోతే సాయంత్రం కూర్చోబెట్టి తిట్లు. తట్టుకోలేక కొంతమంది ఉద్యోగులు కస్టమర్‌కి తెలియకుండానే ఖాతాలు తెరిచారు. ఒక ఖాతాలో ఉన్న డబ్బుని కొత్త ఖాతాలోకి జరిపి, లెక్కలోకి ఎక్కాక మళ్ళీ వెనక్కి వేసేవాళ్ళు. ఈ మధ్యలో అసలు ఖాతాలో బ్యాలెన్స్ తగ్గి కస్టమర్‌కి ఫీజులు పడేవి. అడగని డెబిట్ కార్డులు ఇచ్చి పిన్ నంబర్లు కూడా వాళ్ళే పెట్టేసేవాళ్ళు, కస్టమర్‌కి మెయిల్ వెళ్తే దొరికిపోతామని దొంగ ఈమెయిల్ అడ్రసులు సృష్టించేవాళ్ళు.

2013 చివర్లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక దీన్ని బయటపెట్టింది. 2015లో ఆ నగరం తరఫున కేసు పడింది. 2016 సెప్టెంబర్‌లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా. ఇరవై లక్షల దాకా ఖాతాలు ఇలా తెరిచి ఉండొచ్చని మొదట అన్నారు, ఏడాది తిరిగేసరికి అది ముప్పై ఐదు లక్షలైంది.

ఇక్కడ ఒక్క అంకె గట్టిగా గుర్తుపెట్టుకోండి: 5,300. ఈ తప్పు చేశారని బ్యాంకు తీసేసిన ఉద్యోగుల సంఖ్య అది. అయిదేళ్ళలో అయిదు వేల మూడు వందల మందిని ఒకే రకం తప్పుకి తీసేశారంటే, ఆ తప్పు వాళ్ళ బుద్ధిలో పుట్టిందా, టార్గెట్‌లో పుట్టిందా మీరే చెప్పండి. అమెరికా పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్ కమిటీ ముందుకి స్టంఫ్ వచ్చినప్పుడు సెనేటర్ ఎలిజబెత్ వారెన్ నిలదీసింది కూడా ఇదే, కింది ఉద్యోగుల మీదకి నెట్టేసి మీరు మాత్రం కుర్చీ దిగలేదు, మీ జేబులోంచి ఒక్క పైసా తిరిగివ్వలేదు అని. ఆ తర్వాత నెలలో ఆయన రాజీనామా చేశారు.

మరి చెప్పినవాళ్ళ సంగతేంటి? చెప్పినవాళ్ళు ఉన్నారండి, అదే నాకు బాగా బాధ కలిగించే విషయం. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఒక మేనేజర్ తన కింద పనిచేసే ఇద్దరు బ్యాంకర్లు మోసం చేస్తున్నారని అనుమానం వచ్చి పై అధికారులకి చెప్పారు, తప్పులు జరిగితే ఫోన్ చేసి చెప్పమని బ్యాంకు వాళ్ళే పెట్టిన ఎథిక్స్ హాట్‌లైన్‌కీ చెప్పారు. అంతకుముందు వరకు ఆయన పనితీరుకి మంచి రిపోర్టులే ఉన్నాయి. 2010లో ఆయన్ని తీసేశారు. తొంభై రోజుల్లో బ్యాంకులోనే వేరే పోస్టు వెతుక్కోమన్నారు, దొరకలేదు, ఆ తర్వాత బ్యాంకింగ్ రంగంలో ఇంకెక్కడా పని దొరకలేదు. అమెరికా కార్మిక శాఖ కింద ఇలాంటి ఉద్యోగుల ఫిర్యాదులు చూసే ఓషా అనే సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆయన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని, సుమారు 54 లక్షల డాలర్లు చెల్లించాలని ఆదేశించింది. బ్యాంకు ఒప్పుకోలేదు, సవాలు చేస్తామంది. నిజం చెప్పిన ఏడేళ్ళకి వచ్చిన ఆర్డర్ అది. ఆ ఏడేళ్ళు ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఎలా కట్టుకోవాలి ఒక మనిషి?

టార్గెట్ పెట్టినవాళ్ళకి శిక్ష పడకపోలేదు, పడింది, ఆలస్యంగా. స్టంఫ్‌కి 2020లో 1.75 కోట్ల డాలర్ల జరిమానా, ఇక జన్మలో బ్యాంకుల్లో పనిచేయకూడదని నిషేధం. ఆ ఏడాదే బ్యాంకు 300 కోట్ల డాలర్లు కట్టి కేసులు సెటిల్ చేసుకుంది. బ్రాంచ్‌ల వ్యవహారమంతా చూసిన క్యారీ టోల్‌స్టెడ్ విచారణకి అడ్డుపడ్డానని నేరం ఒప్పుకున్నారు, 2023లో ఆమెకి మూడేళ్ళ ప్రొబేషన్, లక్ష డాలర్ల జరిమానా వేశారు. జైలు లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన దగ్గర దొంగ ఖాతాల కంటే ఎక్కువ జరిగేది సంతకం తీసుకుని చేసే మోసం. రిటైరైన మాస్టారు ఎఫ్‌డీ రెన్యువల్‌కి వస్తారు. "సార్, ఇది ఎఫ్‌డీ కంటే మంచిది, వడ్డీ ఎక్కువ, అయిదేళ్ళలో డబ్బు మీ చేతిలో ఉంటుంది" అని చెప్పి ఫారాల మీద పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఇస్తారు, ఆయన టిక్కు ఉన్న చోటల్లా సంతకం పెడతారు. అది ఏటేటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ అని ఆయనకి తెలిసేది రెండో ఏడాది మెసేజ్ వచ్చినప్పుడే. మధ్యలో ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వెరిఫికేషన్ కాల్ వస్తుంది. కస్టమర్‌కి పాలసీ అర్థమైందో లేదో కనుక్కోవడానికే ఆ కాల్ పెట్టారు. కానీ అమ్మినవాడు పక్కనే కూర్చుని "వాళ్ళేమడిగినా యస్ అనండి సార్, ఊరికే ఫార్మాలిటీ" అంటాడు. రేపు ఫిర్యాదు చేస్తే ఆ యస్ రికార్డింగే మాస్టారికి అడ్డం తిరుగుతుంది. ఆ పక్కన కూర్చునే మనిషి నువ్వే అయినప్పుడు, తమ్ముడూ, రేపు గొడవైతే ఫారం మీద ఉండేది నీ ఎంప్లాయీ కోడే. టార్గెట్ ఇచ్చిన రీజినల్ హెడ్ పేరు అందులో ఎక్కడా ఉండదు.

చట్టం కాపాడుతుందా అంటే, తప్పుని బయటపెట్టినవాళ్ళని కాపాడ్డానికి 2014లో విజిల్ బ్లోయర్స్ ప్రొటెక్షన్ చట్టం వచ్చిన మాట నిజమే, కానీ అది ప్రభుత్వ సేవకుల అవినీతి మీద ఫిర్యాదుల కోసం, అది కూడా అమల్లోకి తేలేదు. పార్లమెంట్ పాస్ చేసి, రాష్ట్రపతి సంతకం పెట్టిన చట్టాన్ని ఇన్నేళ్ళు పక్కన పెట్టడం దారుణం, ఇంతకంటే మెత్తగా చెప్పడం నావల్ల కాదు. షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలన్నిటికీ విజిల్ మెకానిజం (vigil mechanism), అంటే ఉద్యోగులు తప్పుల్ని భయం లేకుండా చెప్పుకునే ఏర్పాటు, ఉండాలని 2013 కంపెనీల చట్టం అంటుంది, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ చైర్మన్‌కే రాయొచ్చు. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో పాలసీ ఉంటుంది, చదవండి.

చాలామందికి తెలియని దారి ఇంకొకటుంది. ప్రైవేటు, విదేశీ బ్యాంకుల ఉద్యోగులు నేరుగా రిజర్వ్ బ్యాంకుకే రాసుకునేలా 2007లో ప్రొటెక్టెడ్ డిస్‌క్లోజర్స్ స్కీమ్ అని పెట్టారు. మీ పేరు బయటకి చెప్పరు, కానీ ఉత్తరంలో మాత్రం పేరు ఉండాలి, ఆకాశరామన్న ఉత్తరాలు తీసుకోరు. ప్రభుత్వ బ్యాంకు అయితే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కి రాయాలి.

రాసేటప్పుడు "మా మేనేజర్ చెడ్డవాడు" అని రాయకండి. అలా రాస్తే ఆ ఒక్కడిని ట్రాన్స్‌ఫర్ చేసి ఫైలు మూసేస్తారు, ఆ కుర్చీలోకి వచ్చే కొత్తాయన అదే టార్గెట్‌తో అదే పని చేయిస్తాడు. ఫలానా తేదీన ఫలానా టార్గెట్ ఇచ్చారు, ఇలా అమ్మమన్నారు, ఇంత వయసున్న ఇంతమందికి ఇలా అమ్మారు అని తేదీలతో రాయండి. నోటిమాటగా చెప్పిన ఆర్డర్‌కి అదే రోజు "మీరు చెప్పింది ఇది కదా సార్" అని ఒక మెయిల్ పెట్టండి, జవాబు రాకపోయినా అది రికార్డే. కస్టమర్ల ఆధార్లు, స్టేట్‌మెంట్లు మాత్రం సొంత ఫోన్‌లోకి, సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. వాళ్ళు మిమ్మల్ని తీసేయాలనుకుంటే దాన్నే కారణంగా చూపిస్తారు. ఫిర్యాదు పంపేముందు ఒక లాయర్‌కి చూపించండి, ఇంట్లో మీ ఆవిడకో నాన్నగారికో చెప్పి ఉంచండి, ఆ టెన్షన్ ఒక్కరే మోయలేరు.

ఇదంతా జరగడానికి టైం పడుతుంది, కానీ మాస్టారికి అంత టైం లేదు. పాలసీ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు అయితే ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇచ్చేయొచ్చు, చిన్నపాటి కోతలు పోను కట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఆ గడువు దాటితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, తర్వాత బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్, అక్కడా తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది, ఫీజు ఉండదు. గత నెలరోజుల్లో నువ్వు అమ్మిన పాలసీల్లో ఇలాంటివి ఉంటే, తమ్ముడూ, ముందు ఆ ఇళ్ళకి ఫోన్ చేసి ఈ గడువు సంగతి చెప్పు.