తిప్పిపంపినవారి లెక్క
(న్యూజెర్సీలో తెలుగు విద్యార్థుల అభినందన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, హైస్కూలు ముగించుకొని కళాశాలలకు వెళ్తున్న పిల్లలకు, వాళ్లకంటే ఎక్కువ అలసిపోయినట్టు కనిపిస్తున్న తల్లిదండ్రులకు నమస్కారం. ‘మంచి కళాశాలను ఎంచుకోవడం ఎలా’ అన్న విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. అయితే లోపలికి వస్తున్నప్పుడు నా చేతికిచ్చిన కార్యక్రమ పత్రం చూశాక, అనుకున్న వరుస మార్చుకోక తప్పలేదు. అందులో ప్రతి విద్యార్థి పేరు కింద కళాశాల పేరు, దాని పక్కన ఒక శాతం అచ్చువేశారు. అది పిల్లల మార్కుల శాతం అనుకొని మురిసిపోబోయాను. తీరా చూస్తే, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో ఎంతమందిని ఆ కళాశాల చేర్చుకుంటుందో చెప్పే శాతం. నాలుగు శాతం పిల్లలు పైన ఉన్నారు, అరవై శాతం పిల్లలు అట్టడుగున ఉన్నారు. నిర్వాహకులు నొచ్చుకోవద్దు గానీ, ఈ అంకె సంగతి తేల్చకుండా వేరే విషయానికి వెళ్లలేను.

హార్వర్డునే తీసుకుందాం. 2020లో చేరవలసిన తరగతికి 40,248 మంది దరఖాస్తు చేస్తే 1,980 మందికి సీటు వచ్చింది, అంటే 4.9 శాతం. కోవిడ్ వల్ల ‘శాట్’ అనే ప్రవేశ పరీక్ష స్కోరు తప్పనిసరి కాదన్న మరుసటి ఏడాది దరఖాస్తులు 57,435కి పెరిగాయి, సీటు వచ్చినవాళ్లు 1,968 మంది, శాతం 3.4కు పడిపోయింది. ఆ ఒక్క ఏడాదిలో అక్కడి పాఠాలు మెరుగయ్యాయా, ఆచార్యులు మారారా? పదిహేడు వేల మంది అదనంగా దరఖాస్తు పెట్టారు, వాళ్లలో దాదాపు అందరూ వెనక్కి తిరిగారు. ఆ అంకె లెక్కపెట్టేది తిప్పిపంపినవాళ్లను.

షికాగో విశ్వవిద్యాలయం సంగతి ఇంకా విచిత్రమైనది. 1942 డిసెంబరులో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం ఆ ప్రాంగణపు ఆటస్థలం మెట్ల కింద తొలి అణు శృంఖల చర్యను నడిపింది. నక్షత్రాల మీద పరిశోధించిన మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1937 నుంచి అక్కడే పనిచేసి 1983లో నోబెల్ అందుకున్నారు. అంతటి చోట కూడా 2000ల తొలి సంవత్సరాల్లో దరఖాస్తు చేసిన పదిమందిలో దాదాపు నలుగురికి సీటు దొరికేది. ఆ తర్వాత వాళ్లు తమ ప్రత్యేక దరఖాస్తును మాత్రమే పట్టుకొని కూర్చోవడం మాని, వందల కళాశాలలకు ఒకే ఫారం సరిపోయే కామన్ అప్లికేషన్‌లో చేరారు, ప్రచారం పెంచారు. ఇప్పుడు వందలో అయిదారుగురికి మించి దొరకదు. ఫెర్మీ కాలపు షికాగో కంటే ఇప్పటిది గొప్పదని చెప్పే ధైర్యం ఎవరికైనా ఉందా?

శాతాన్ని కిందికి దించడానికి మరో దారి కూడా ఉంది. నవంబరులో దరఖాస్తు పెట్టి, సీటు వస్తే చేరి తీరతామని సంతకం చేసే ‘ఎర్లీ డెసిషన్’ పద్ధతిలో పెన్సిల్వేనియా వంటి విశ్వవిద్యాలయం తన తరగతిలో దాదాపు సగం నింపుకుంటుంది. వాళ్లు రాకుండా పోవడం చాలా అరుదు కనుక మిగిలిన సీట్ల కోసం ఎక్కువమందిని పిలవనవసరం లేదు, శాతం దానంతటదే తగ్గుతుంది. అయితే ఇందులో ఒక కుటుంబపు బేరసారాల హక్కు పోతుంది. ఏ కళాశాల ఎంత సహాయం ఇస్తుందో పోల్చిచూసుకోవలసిన ఇల్లు ఆ సంతకం చేసేముందు రెండుసార్లు ఆలోచించుకోవాలి. చివరికి ర్యాంకులు అచ్చువేసే యూఎస్ న్యూస్ కూడా 2018లో ఈ ప్రవేశ శాతాన్ని తన లెక్కలోంచి తీసేసింది. మన కార్యక్రమ పత్రం మాత్రం ఇంకా వదల్లేదు.

ప్రతిష్ఠ ఉత్త బూటకమని నేను అనడం లేదు. ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన పరిశోధన ప్రకారం, పేరున్న స్టేట్ యూనివర్సిటీకి బదులు హార్వర్డు వంటి ‘ఐవీ’ స్థాయి కళాశాలకు వెళ్తే సగటు ఆదాయంలో పెద్ద తేడా రాదు గానీ, ఆదాయంలో అగ్రస్థానపు ఒక శాతంలోకి చేరే అవకాశం బాగా పెరుగుతుంది. అదే పరిశోధన, ఒకే రకం స్కోర్లు ఉన్నా అత్యంత సంపన్నుల పిల్లలు ఆ కళాశాలల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకంటే రెట్టింపు దాటి ఉందని కూడా తేల్చింది. ప్రవేశాల్లో వివక్ష చూపుతోందని హార్వర్డు మీద నడిచిన కేసులో బయటపడ్డ లెక్కల్లో, అక్కడే చదివినవాళ్ల పిల్లల్లో మూడింట ఒకరికి సీటు దొరికింది. ఎంఐటీ, కాల్‌టెక్ ఈ వారసత్వాన్ని లెక్కలోకి తీసుకోవు. నాలుగు శాతమన్నది అందరికీ ఒకే నాలుగు శాతం కాదని మనవాళ్లు గ్రహించాలి.

హార్వర్డు మాట వచ్చింది కనుక, రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నేను యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేను. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్‌లో దిగిన ఆయన, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసుకుంటూ హార్వర్డులో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ద్రావణం నీలిరంగుకు తిరిగితే, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం ఎంతో చెప్పే ఆ పద్ధతిని నా విద్యార్థుల చేత ఏటా చేయించాను. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల అన్వేషణలోనూ ఆయన చేయి ఉంది. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల సంస్థకు వెళ్లిపోయారు. అది మన రాష్ట్రపు పొలిమేరను ఆనుకొని ఉన్న పెర్ల్ రివర్‌లోనే ఉండేది. అక్కడ ఆయన నడిపిన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కాన్సరుతో ఉన్న పిల్లలకు వాడి, 1948లో ఆ ఫలితాలను లోకానికి చెప్పారు. ఫార్బర్ హార్వర్డు ఆచార్యుడే! గుమ్మం దగ్గర అంత సన్నని జల్లెడ పట్టే సంస్థ, లోపల పదిహేడేళ్లు పనిచేసిన మనిషి విలువ కట్టలేకపోయింది. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఈ కథ చెప్పిన ప్రతిచోటా ఇదే జరుగుతుంది, క్షమించాలి.

పత్రంలో అట్టడుగున వేసిన, మన రాష్ట్ర విశ్వవిద్యాలయం రట్గర్స్‌కు వెళ్తున్న పిల్లలు ఒకసారి చేతులెత్తండి. మీరు వెళ్తున్న చోటనే 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. క్షయకు పనిచేసిన మొదటి మందు అది. దానికి గాను నోబెల్ అందుకున్న వాక్స్‌మన్ స్వయంగా రట్గర్స్ విద్యార్థి. మీ ట్యూషన్ కూడా ఈ రాష్ట్రంవాళ్లకు ఇచ్చే రేటులో ఉంటుంది. మీరు సిగ్గుపడవలసిందేమీ ఆ పత్రంలో లేదు.

వచ్చే ఏడాది దరఖాస్తులు పెట్టబోయే ఇళ్లవాళ్లకు ఒక పని చెప్పి ముగిస్తాను. చాలా కళాశాలలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రాన్ని బయటపెడతాయి. అందులో సీ7 పట్టికలో మార్కులు, వ్యాసం, వారసత్వం వంటివాటికి ఎంత విలువ ఇస్తారో ఉంటుంది. హెచ్ విభాగంలో ఆర్థిక సహాయం, ఐ విభాగంలో ఒక్కో తరగతిలో ఎంతమంది కూర్చుంటారో ఉంటాయి. నేను ల్యాప్‌టాప్ తెచ్చాను. భోజనాలయ్యాక వెనక బల్ల దగ్గర ఉంటాను. మీ కళాశాల పేరు చెప్పండి, కలిసి తెరిచి చూద్దాం.