పట్టువస్త్రాలు ఎవరు తెస్తారు, హుండీ లెక్క ఎవరు చూస్తారు

[దృశ్యం: భద్రాచలం, శ్రీరామనవమి కల్యాణ మండపం]

శ్రీరామనవమి నాడు భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వం తరఫున వస్తాయి. ఈ ఆచారం గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలం నాటిదని సంప్రదాయం చెబుతుంది. ప్రభుత్వానికి చెందవలసిన సొమ్ముతో గుడి కట్టించాడని తహసీల్దారు కంచర్ల గోపన్నను చెరలో పెట్టించిన ప్రభువు కూడా ఆ తానీషాయే. సుల్తాను మతం వేరు, నేటి ప్రభుత్వానికి రాజ్యాంగం ప్రకారం మతమే లేదు. అయినా తలంబ్రాల పళ్లెం పాలకుల తలమీదనే గుడికి చేరుతోంది. అధికారానికి గుడితో ఇంత పని ఎందుకు పడుతుందో తిరుమల చరిత్రలో చూద్దాం.

[దృశ్యం: తిరుమల ఆలయంలో దేవేరులతో శ్రీకృష్ణదేవరాయల విగ్రహాలు]

శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 వరకు ఏడుసార్లు తిరుమలకు వచ్చాడు. రత్నకిరీటం సమర్పించాడు, ఆనందనిలయ విమానానికి బంగారు పూత కోసం 30,000 వరహాలు ఇచ్చాడు. ఇవి అందరికీ తెలిసినవే. అంతకంటే లోతైన సంగతి గోడలమీది శాసనాల్లో ఉంది. రాజులూ, వారి అధికారులూ, వర్తకులూ శ్రీభండారానికి, అంటే ఆలయ ఖజానాకు, ఇచ్చిన ధనంతో ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేవారు. నీరు పారి పెరిగిన పంటతో దాత పేరిట నిత్యం నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందేది. ఆ వాటాను దాత తనకు నచ్చినవారికి, మఠానికో సత్రానికో, రాసి ఇవ్వవచ్చు. అంటే రాజు ధనం ఇచ్చి మర్యాద పొందేవాడు, ఆ మర్యాదను తనవారికి పంచే హక్కు కూడా పొందేవాడు. సామంతులు, భాషలు, మతశాఖలు అనేకమున్న రాజ్యంలో ఈ పంపకం కత్తి చేయలేని పని చేసిందని నేను నమ్ముతున్నాను.

[దృశ్యం: పాత మద్రాసు పటం]

ఆర్కాటు నవాబుల నుంచి 1801లో తిరుపతి ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి పూర్తిగా వచ్చినప్పుడు పాలకులకూ గుడికీ ఉన్న ఈ సంబంధంలో ఇవ్వడం ఆగిపోయి తీసుకోవడం మిగిలింది. యాత్రికుల కానుకల్లో ఖర్చులు పోను మిగిలినది కంపెనీ ఖజానాకు చేరేది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనను నడిపించడం ఏమిటని ఇంగ్లండులో మిషనరీలు పట్టుబట్టడంతో, 1843లో కంపెనీ ఆలయ నిర్వహణను హథీరాంజీ మఠాధిపతి అయిన మహంతుకు అప్పగించి తప్పుకుంది. తరువాతి 90 ఏళ్లు మహంతులదే పెత్తనం.

ప్రభుత్వం మళ్లీ గుడిలో అడుగుపెట్టింది లెక్కల కోసం. దేవాలయాల ఆస్తులు ధర్మకర్తల సొంత ఆస్తులుగా మారుతున్నాయన్న ఫిర్యాదులు పెరిగినప్పుడు, కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం మద్రాసులో 1922లో దేవాదాయ బిల్లు తెచ్చి 1925లో ఆమోదింపజేసింది. తిరుమలకు 1933లో ప్రత్యేక చట్టం వచ్చింది, తిరుమల తిరుపతి దేవస్థానాల కమిటీ ఏర్పడింది.

[దృశ్యం: భారత రాజ్యాంగ ప్రతి]

రాజ్యాంగం 25వ అధికరణం మతాచరణతో ముడిపడిన ఆర్థిక వ్యవహారాలను నియంత్రించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 26వ అధికరణం తమ మత విషయాలను తామే చూసుకునే హక్కును మతశాఖలకు ఇచ్చింది. 1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు, ఆస్తి నిర్వహణను చట్టం నియంత్రించవచ్చు కానీ మతశాఖ నుంచి ఆ హక్కును పూర్తిగా లాక్కోరాదని తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను, మిరాసీదారులకు, అంటే ఆలయ సేవల్లో వంశపారంపర్య హక్కు ఉన్నవారికి, ప్రసాదాల్లో ఉన్న వాటాలను రద్దు చేసింది. అర్చన మతానికి సంబంధించినదే అయినా అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారమని 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. తరతరాలుగా గర్భగుడి తప్ప వేరే జీవనం ఎరగని కుటుంబాలకు ఆ తీర్పు ఎంత పెద్ద మార్పో విడిగా చెప్పనక్కరలేదు.

[దృశ్యం: ఆలయ ద్వారం వద్ద పూర్ణకుంభ స్వాగతం]

పాత వాటాలు పోయాయి సరే, పంచే హక్కు ఎక్కడికి చేరింది? నేడు తిరుమల పాలకమండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. ప్రభుత్వం మారితే మండలి మారడం రివాజు అయింది. ప్రజాప్రతినిధులు, మండలి సభ్యులు రాసి ఇచ్చే సిఫార్సు లేఖతో బ్రేక్ దర్శనం దొరుకుతుంది. రాయల కాలపు దాత తన ప్రసాదపు వాటాను తనవారికి రాసి ఇచ్చినట్లే, నేటి నాయకుడు దర్శనాన్ని తనవారికి రాసి ఇస్తున్నాడు. తేడా ఏమిటంటే ఆనాటి దాత ముందుగా సొమ్ము ఇచ్చి చెరువు తవ్వించేవాడు.

అందుకే ఆలయాలకు ప్రభుత్వం నుంచి విముక్తి కావాలనేవారి వాదనతో గానీ, ప్రభుత్వమే నడపాలనేవారి వాదనతో గానీ నేను పూర్తిగా ఏకీభవించలేను. మొదటివారు 1925కు ముందరి ఫిర్యాదులను మరిచిపోతున్నారు. రెండోవారు చట్టం వచ్చింది లెక్కలు చూడటానికని, పదవులు పంచడానికి కాదని మరిచిపోతున్నారు. ఆస్తులపై, ఆదాయంపై స్వతంత్ర ఆడిట్ ఉండాలి. మండలి నియామకానికి అర్హతలు చట్టంలోనే రాసి ఉండాలి. సిఫార్సు లేఖలు పూర్తిగా రద్దు కావాలి. హుండీలో తన కష్టార్జితం వేసే యాత్రికుడు ఏ లేఖా లేకుండా, వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకొని గంటల తరబడి తన వంతు కోసం కూర్చుంటున్నాడు.