ఇన్సులిన్ తాళంచెవి కాదు, కాలింగ్ బెల్

"క్రోమియం బిళ్ల వేసుకుంటే షుగర్ దిగుతుందా?" అని ఈ వారంలో నలుగురు అడిగారు, ఒకాయనైతే సీసా చేత్తో పట్టుకునే వచ్చారు. ఎందుకంత ఆశ పెట్టుకోకూడదో చెప్పాలంటే ముందు నాకు చిరాకు తెప్పించే ఒక పోలికను పక్కన పడేయాలి. ఇన్సులిన్ అంటే కణం తలుపు తెరిచే తాళంచెవి అంటుంటారు, కాదండీ! అది కాలింగ్ బెల్ కొట్టి బయటే నిలబడుతుంది. ఆ మోత విని, కండరాల కణంలో ఓ మూలన పెట్టిన గ్లూట్4 అనే తలుపులను మోసుకొచ్చి గోడకు బిగిస్తారు (అవును, తలుపులే మోసుకొస్తారు, ఆ ఇల్లు అలాంటిది), అప్పుడు గ్లూకోజ్ లోపలికి పోతుంది.

బెల్ నొక్కితే లోపల మోగాలిగా? అక్కడ కావాల్సింది మెగ్నీషియం. సంకేతం ముందుకు వెళ్లడానికి ఏటీపీ అనే కణంలోని ఇంధనం ఖర్చవుతుంది, అది మెగ్నీషియంతో జతకడితేనే పనికొస్తుంది. మెగ్నీషియం బాగా తగ్గితే ఎంత నొక్కినా మోత నీరసంగానే ఉంటుంది. పైగా షుగర్ బాగా పెరిగితే మూత్రంలో మెగ్నీషియం ఇంకా పోతుంది, అంటే బెల్ పాడైన ఇంట్లోనే వైర్లు కూడా ఎత్తుకుపోయినట్టు.

జింక్ పని వేరు. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ అణువులను ఆరేసి చొప్పున కట్టగట్టి ఉంచేది అదే.

ఇక మన సీసా. 1959లో ష్వార్జ్, మెర్ట్జ్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో గ్లూకోజ్ అదుపుకీ క్రోమియంకీ లింకు పెట్టారు. 1977లో, ఏళ్ల తరబడి రక్తనాళం ద్వారానే ఆహారం ఎక్కించుకున్న ఒక రోగికి క్రోమియం కలిపాక షుగర్ సర్దుకుందని రాశారు. కానీ ఆ రోగికి అంతకుముందు క్రోమియం అందడమే లేదు! మామూలుగా తినేవాళ్లకి అదే ఫలితం వస్తుందనుకోవడం, మోగుతున్న బెల్‌కి ఇంకో బ్యాటరీ వేయడమే. 2014లో యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజుకింత క్రోమియం కావాలని కొలత కూడా పెట్టలేదు.

అసలు గొడవ గుమ్మం ముందు జనంతో, అంటే రక్తంలో గుంపుగా వచ్చిపడే గ్లూకోజ్‌తో. 100 దగ్గర షుగర్ ఉంటే 5 లీటర్ల రక్తంలో ఉన్న గ్లూకోజ్ మొత్తం 5 గ్రాములు, ఒక టీస్పూన్. కూల్‌డ్రింక్ గ్లాసులో 25 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. పీచు ఉంటే ఆ గుంపు వరసలో వస్తుంది. ధాన్యం పాలిష్ పట్టి తవుడు తీసేస్తే పీచూ పోయె, మెగ్నీషియమూ పోయె. నాకు ఒళ్లు మండేది ఇక్కడే, తవుడు పారేసి బిళ్లలు కొంటాం!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా: కూరగాయలు, పప్పులు ముందు తిని అన్నం, రొట్టె లాంటివి చివర్లో తినండి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడక్కుండా మెగ్నీషియం బిళ్లలు ముట్టుకోవద్దు. షుగర్ మందు మీరే ఆపేయొద్దు. తిన్నాక కాసేపు నడవండి, కండరం పనిలో ఉంటే బెల్ కొట్టకుండానే తలుపులు బిగుస్తాయి, అదెలాగో వచ్చే వీడియోలో.