పులి పొగ తాగిన రోజుల్లో: కొరియా అమ్మమ్మ కథ పిల్లల నవలగా మారిన తీరు

[దృశ్యం: మునిమాపు వేళ కొండదారి. తలమీద గంపతో ఒక స్త్రీ.]

"ఒక్క త్తొక్ ఇస్తే నిన్ను తిననులే."

కొరియా పిల్లలకు కంఠతా వచ్చిన ఈ మాట ఒక పులిది. త్తొక్ అంటే బియ్యప్పిండిని ఆవిరిమీద ఉడికించి చేసే పిండివంట. పరాయి ఇంట పనిచేసి, తెచ్చుకున్న త్తొక్‌లను గంపలో పెట్టుకుని ఇల్లు చేరబోతున్న తల్లిని ఆ పులి మలుపు మలుపునా అడ్డగిస్తుంది. గంప ఖాళీ కాగానే ఆమెనే తినేసి, ఆమె బట్టలు కట్టుకుని, పిల్లలున్న ఇంటి తలుపు తడుతుంది. గొంతు విని అనుమానించిన పిల్లలు చెయ్యి చూపమంటారు. చివరకు చెట్టెక్కిన ఆ అన్నాచెల్లెళ్లకు ఆకాశం నుంచి గట్టి తాడు దిగుతుంది. అన్న సూర్యుడు, చెల్లి చంద్రుడు అవుతారు. అయితే చెల్లికి చీకటంటే భయం. అందుకని ఇద్దరూ స్థానాలు మార్చుకుంటారు.

[దృశ్యం: పొడవాటి గొట్టంతో పొగ తాగుతున్న పులి బొమ్మ.]

మనం "అనగనగా" అన్నచోట కొరియన్లు "పులి పొగ తాగే రోజుల్లో" అంటారు. పొగాకు ఆ దేశానికి చేరింది 17వ శతాబ్ది ఆరంభంలోనే కాబట్టి, లెక్క ప్రకారం ఆ "అనగనగా"కు నాలుగు వందల ఏళ్లే. కథ వినే పిల్లలకు ఆ లెక్కతో పనిలేదు.

ఈ కథనే ఆధారం చేసుకుని అమెరికాలోని హవాయి దీవుల్లో హొనొలులు నగరంలో పుట్టి పెరిగిన రచయిత్రి టే కెల్లర్ "వెన్ యూ ట్రాప్ ఎ టైగర్" అనే నవల రాశారు. 2020లో వెలువడిన ఆ పుస్తకానికి 2021లో అమెరికా బాలసాహిత్యంలో పేరెన్నికగన్న న్యూబెరీ పతకం లభించింది. జబ్బుపడిన అమ్మమ్మ దగ్గరకు తల్లితోనూ అక్కతోనూ వచ్చిన లిలీకి దారిలో పులి కనబడుతుంది. మీ అమ్మమ్మ ఒకప్పుడు దొంగిలించినదాన్ని తిరిగి ఇస్తే ఆమెను బాగుచేస్తానని బేరం పెడుతుంది. ఆమె దొంగిలించినవి కథలు, అందులోనూ దుఃఖం నిండిన కథలు. ఆ బేరం త్తొక్ బేరం లాంటిదే. ఈసారి గంపలో ఉన్నది మాత్రం ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పని గతం. జానపద కథను అలంకారంగా అతికించిన పుస్తకాలకూ దీనికీ తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ నవలలో అమ్మమ్మను "హల్మొని" అనే పిలుస్తారు. ఈ మాట దగ్గర తెలుగు అనువాదకుడికి చిక్కు వస్తుంది, ఎందుకంటే తల్లి తల్లినీ తండ్రి తల్లినీ ఆ ఒక్క పేరుతోనే పిలవవచ్చు. మనకేమో అమ్మమ్మో నాయనమ్మో తేల్చక తప్పదు. అక్క విషయంలో దీనికి తలకిందులు: మనకు ఎవరు పిలిచినా అక్కే, కొరియాలో ఆడపిల్ల "ఒన్ని" అంటుంది, మగపిల్లవాడు "నూనా" అంటాడు. అంటే అక్క అన్న ఒక్క మాట వినబడగానే పిలిచింది చెల్లెలో తమ్ముడో అక్కడి పాఠకుడికి తెలిసిపోతుంది.

[దృశ్యం: పొలం గట్టు. దగ్గరగా ఒక దంటు.]

మొదటి కథలోని పులి సంగతి మిగిలింది. అదీ తాడు అడిగింది; దానికి దిగింది కుళ్లిన తాడు. సగం దూరంలో తెగి జొన్నచేలో పడిందనీ, దాని నెత్తురు అంటుకుని జొన్నదంట్లు ఎర్రబారాయనీ కొరియా అవ్వలు చెబుతారు. జొన్నచేల మధ్య పెరిగిన తెలంగాణ పిల్లలకు ఈ ఒక్కచోట వివరణ అక్కర్లేదు.