నీరు నిండిన గని ముందు కెమెరాతో

సభకు నమస్కారం.

నేను కెమెరా పట్టి 14 నెలలవుతోంది. ఆ 14 నెలల్లో ఎక్కువ ఆదివారాలు తిరుపతి నుంచి కుప్పం వైపు వెళ్లి, రాయి తీయడం మానేసిన తరువాత వాననీటితో నిండిపోయిన ఒక గ్రానైట్ క్వారీ గుంత దగ్గరే గడిపాను. ఆ ఒక్క చోటు నాకు నేర్పిన దాన్ని మీతో పంచుకోవాలని వచ్చాను.

నిజానికి మొదట నన్ను ఆకర్షించింది గుడుపల్లె మండలంలోని చిగర్‌గుంట బంగారు గని. కోలారు గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే దీన్నీ నడిపింది. 2001లో ఆ సంస్థ మూతపడడంతో ఇక్కడ కూడా పని ఆగిపోయింది. భూగర్భ గనిలోకి ఊటనీరు వస్తూనే ఉంటుంది. పంపులు రేయింబవళ్లు తోడుతున్నంత కాలమే మనిషికి అక్కడ చోటు. అవి ఆగిన నాటి నుంచి నీరు అడుగు సొరంగాలను నింపుకుంటూ మెల్లగా పైకి వస్తుంది. మూతపడిన గనిలో ప్రాణవాయువు తగ్గిపోయినా ఆ సంగతి కంటికీ ముక్కుకూ తెలియదు కనుక, అటువంటి చోట లోపలికి దిగి ఫోటో తీయాలనే ఆలోచనే ఎవరికీ రాకూడదు. అందుకే నేను ఆకాశం కనబడే గుంతను ఎంచుకుని, అనుమతి అడిగి, తోడుతోనే వెళ్లాను.

మొదటి రోజు నేను తీసిన చిత్రాలన్నీ అందంగానే వచ్చాయి. నీటిలో మబ్బులు, నీటిలో కొండ. ఇంటికి వచ్చి పెద్ద తెరపై చూసుకుంటే అది ఏ చెరువైనా కావచ్చుననిపించింది. మనుషులు ఏళ్ల తరబడి బండను కోసి తీసుకుపోగా మిగిలిన ఖాళీ అది. నేనేమో ఆ ఖాళీని కప్పేసిన అద్దాన్ని మాత్రమే ఫోటో తీశాను.

ఆ అద్దాన్ని తొలగించడానికి పోలరైజర్ ఫిల్టర్ ఉపయోగపడింది; లెన్స్ ముందు బిగించి తిప్పుతూ, నీటి మీది మెరుపును తగ్గించే గాజు అది. ఇది అన్ని కోణాల్లోనూ ఒకేలా పనిచేయదు. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తున్నప్పుడు ప్రతిబింబం బాగా తగ్గుతుంది; నిట్టనిలువుగా కిందికి చూస్తే ఫిల్టర్‌ను ఎంత తిప్పినా దాదాపు ఏ మార్పూ ఉండదు. పైగా ఒకటి రెండు స్టాపుల వెలుగును, అంటే సగం నుంచి ముప్పావు వంతు దాకా, అది మింగేస్తుంది కనుక కెమెరా కదలకుండా నిలిపే ట్రైపాడ్ తప్పనిసరి. సరైన కోణం దొరికిన ఉదయం నీటి కింద మునిగిన మెట్టు ఒకటి ఆకుపచ్చగా పైకి తేలినట్టు కనిపించింది. ఆ క్షణాన నా చేతులు వణికాయి.

వెలుగు విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఉదయం, సాయంత్రం ఎండే మంచిదని అందరూ చెబుతారు. లోతైన గుంతలో ఆ ఎండ ఒక గోడ పైఅంచును తాకి, మిగతాదంతా నల్లగా వదిలేస్తుంది. పలుచని మబ్బు కమ్మిన రోజే నాలుగు గోడలూ సమంగా కనిపిస్తాయి.

గోడల మీద జానెడు ఎడంతో పైనుంచి కిందికి సగం గొట్టాల వంటి గాళ్లు ఉంటాయి. అక్కడ మేకలు మేపుకునే ఒక పెద్దాయన ఒకప్పుడు ఆ క్వారీలోనే డ్రిల్లింగ్ పని చేశాడట. వరుసగా రంధ్రాలు వేసి బండను చీల్చినప్పుడు సగం రంధ్రం పోయే రాయితో వెళ్తుందని, సగం గోడకే మిగిలిపోతుందని ఆయనే వివరించాడు. నేను ముందుకు అడుగు వేయబోతే, “ఆ అంచుకు పోవాకు సామీ, అడుగున మన్ను లేదు,” అని ఆపాడు. పక్కకు వెళ్లి చూస్తే నిజమే, బండపైనున్న మట్టిని వానలు కింది నుంచి కోసేశాయి, పైన గడ్డి మాత్రం గట్టి నేలలా పరుచుకుని ఉంది. అంచుకు రెండు నిలువుల దూరంలోనే నిలబడండి; దగ్గరగా కావాలనిపిస్తే లెన్స్ మార్చండి.

ఇప్పుడు తెరపై చూస్తున్నది ఏప్రిల్‌లో తీసిన చిత్రం. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో కదా, వేసవికి నీరు దిగి గోడ మీద తెల్లటి చారలు బయటపడ్డాయి. వాటి మధ్య ఏడు గాళ్లు నీటి వరకు దిగి, నీటిలోపల కూడా మసకగా కొనసాగుతున్నాయి. కార్తీకంలో అదే బండ మీద, అదే ఎత్తున ట్రైపాడ్ నిలిపి మళ్లీ తీయాలని ఉంది. నీరు ఏ చారదాకా ఎక్కిందో, ఆ గాళ్లలో ఎంతమేర ఇంకా పైన మిగిలి ఉందో ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.