వేట రైఫిల్ కొత్తదా, వాడినదా?

శ్రోతలకు నమస్కారం.

వేట రైఫిల్ కొనబోయే వాళ్లలో చాలామంది మొదట అడిగే ప్రశ్న ఇదే. కొత్తది కొనాలా, ఎవరో వాడినది తీసుకోవచ్చా? వేటకు చట్టం ఒప్పుకునే చోట, లైసెన్సు చేతిలో ఉన్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బాగా చూసుకున్న బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ని, అంటే బోల్ట్ అనే ఉక్కు కడ్డీని చేత్తో లాగి మూసి తూటా ఎక్కించే రకాన్ని, పరీక్షించి తీసుకుంటే, వాడినదే చాలామందికి మంచి బేరం. అసలు సంగతంతా ఆ పరీక్షించడంలోనే ఉంది. అది మీకు రాకపోతే, వచ్చిన మనిషి పక్కన లేకపోతే, నిశ్చింతగా కొత్తదే కొనుక్కోండి.

వాడినదాన్ని ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, రైఫిల్ ఎక్కడ అరుగుతుందో తెలుసు కాబట్టి. తూటా కూర్చునే గది దాటి, బ్యారెల్ గొట్టంలో తూటాను తిప్పే గాడులు మొదలయ్యే చోట అసలు అరుగుదల ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ మండే వాయువు అక్కడి ఉక్కును కొంచెం కొంచెంగా తినేస్తుంది. .308 విన్‌చెస్టర్ లాంటి మితమైన తూటా కాల్చే బ్యారెల్ కొన్ని వేల తూటాల దాకా గురి చెడకుండా నిలుస్తుంది. సన్నని గొట్టంలో ఎక్కువ మందు మండించే మాగ్నమ్ రకాలు అంతకన్నా చాలా ముందే అలసిపోతాయి. ఇప్పుడు మామూలు వేటగాడి లెక్క వేద్దాం. సాధనకూ వేటకూ కలిపి ఏడాదికి 40 తూటాలు కాల్చాడనుకోండి. 50 ఏళ్లకు 2,000. ఒక మనిషి వేటాడే వయసంతా గడిచిపోయినా ఆ బ్యారెల్‌లో ఇంకా సత్తువ మిగిలే ఉంటుంది. కాల్చి కాల్చి వేట రైఫిల్‌ని అరగదీసేవాళ్లు తక్కువ. తడిసినదాన్ని అలాగే సంచిలో పెట్టి, మొరటుగా తుడిచి, చేతకాకపోయినా విప్పి పాడుచేసేవాళ్లే ఎక్కువ.

ఒకసారి నాకు చూపించిన రైఫిల్ ఇప్పటికీ కళ్లముందే ఉంది. బ్యారెల్ కూర్చునే కర్ర పిడి నూనె పట్టి అద్దంలా మెరుస్తోంది. బ్యారెల్ పైన నల్లటి నునుపు, ఒక్క గీత కూడా లేదు. నాకు ముచ్చటేసింది. అమ్మే ఆయన అనుమతి తీసుకుని అడుగున ఉన్న స్క్రూలు వదులు చేసి, బ్యారెల్‌ని కర్ర నుంచి పైకి లేపాను. కర్రలో దాగి ఉన్న సగం, బెత్తెడు పొడవున, ఎర్రగా పొలుసులు లేచి ఉంది. వేలితో రుద్దితే పొడి రాలింది. ఎప్పుడో వానలో తడిసిన కర్ర ఆ తేమను లోపలే దాచుకుంది. పైన కనబడే సగాన్ని మాత్రం ఎవరో శ్రద్ధగా తుడుస్తూ వచ్చారు. ఆ రోజు నుంచి ఏ రైఫిల్ చూసినా కర్ర కింద చూడకుండా ధర మాట ఎత్తను. విప్పడానికి ఒప్పుకోకపోతే అక్కడితో ఆ బేరం వదిలేస్తాను.

ఇక పరీక్ష సంగతి. రైఫిల్ చేతికి రాగానే మూతి మనుషులున్న వైపు లేకుండా పట్టుకుని, బోల్ట్ వెనక్కి లాగి, తూటా గదీ మ్యాగజైనూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, చిటికెనవేలితో తడిమి తెలుసుకోండి. ఇచ్చిన మనిషి ఖాళీదే అని చెప్పినా సరే, చూడాల్సిందే. తర్వాత బోల్ట్ పూర్తిగా బయటికి తీసేసి, మూతి వైపు ఒక తెల్ల కాగితం మీద లైటు వేసి, వెనక నుంచి గొట్టంలోకి చూడండి. గాడుల అంచులు పదునుగా, వెలుతురు చివరిదాకా ఒకే తీరుగా మెరవాలి. లోపల మసకగా ఉంటే ఒకసారి తుడిచి చూపించమనండి. మురికి తుప్పు గుంటల్ని భలేగా దాచేస్తుంది. తుడిచాక కూడా మిరియపు గింజలు చల్లినట్టు నల్లచుక్కలు కనిపిస్తే అవి గుంటలే.

నేను ఎక్కువసేపు ఆగేది మూతి దగ్గర. తూటా గొట్టాన్ని వదిలే చివరి క్షణంలో ఆ అంచు చుట్టూతా ఒకేలా ఉండాలి. ఒక పక్క చిన్న నొక్కు పడినా వాయువు అటు ముందుగా తప్పించుకుని తూటాను పక్కకు నెడుతుంది. ఏళ్ల తరబడి తుడిచే కడ్డీని మూతి వైపు నుంచి దూర్చి రుద్దినా అంచు అరిగిపోతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల ఒకటి తీసుకుని ఆ అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుని ఆగిందంటే అక్కడ ఉక్కు చిట్లి లేచి ఉందన్నమాట. తుపాకులు బాగుచేసే మనిషి ఆ కొసను కొంచెం కోసి మళ్లీ చదును చేయగలడు. కాబట్టి ఈ ఒక్క లోపం ఉంటే కంగారు పడక్కర్లేదు, ధర తగ్గించమని అడగొచ్చు.

స్క్రూల తలలు చూడండి. గాడి చితికిపోయి, అంచులు లేచి ఉన్నాయంటే సరైన పనిముట్టు లేని చేయి లోపలికి వెళ్లొచ్చిందని అర్థం. బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు లోతు తగ్గి, అంచులు గుండ్రంగా అయ్యాయంటే తుప్పు గుంటలు పోయేదాకా రుద్ది మళ్లీ రంగు వేశారని అనుమానించాలి. బోల్ట్ లోపలికి దిగే చోట, వెనక వైపు, కర్రలో వెంట్రుకవాసి పగులు ఉందేమో చూడండి. పేలినప్పుడు వచ్చే దెబ్బకు కర్ర అక్కడ పగలవచ్చు.

తర్వాత సేఫ్టీ, అంటే అనుకోకుండా పేలకుండా ఆపే మీట. ఖాళీ రైఫిల్‌లో బోల్ట్ తిరిగి పెట్టి మూసి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదలండి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. టక్కుమని శబ్దం వచ్చిందంటే, అందులో తూటా ఉంటే అది పేలి ఉండేది. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. బోల్ట్ గట్టిగా కొట్టి మూసినప్పుడు కూడా ట్రిగ్గర్ పట్టు జారకూడదు.

ఒక్క పని మాత్రం మీరు చేయలేరు, తెలిసినవాళ్లతో చేయించాలి. బోల్ట్ మూసినప్పుడు దాని ముఖం నుంచి, గదిలో తూటాను ఇంకా ముందుకు పోకుండా ఆపే చోటు దాకా ఉన్న దూరాన్ని కొలవాలి. దాన్నే హెడ్‌స్పేస్ అంటారు. ఆ దూరం ఎక్కువైతే ఇత్తడి తొడుగు సాగి చీలిపోవచ్చు, వేడి వాయువు కాల్చే మనిషి ముఖం వైపు రావచ్చు. గో, నో-గో అనే రెండు ఉక్కు గేజులతో కొన్ని నిమిషాల్లో తేలిపోయే పని ఇది. అదే చేత్తో తూటా గది అచ్చు కూడా తీయించండి, తేలిగ్గా కరిగే లోహం పోసి తీస్తారు. బ్యారెల్ మీద రాసిన తూటా పేరు ఒకటి, ఎవరో తొలిచి మార్చిన గది మరొకటి అయిన పాత రైఫిళ్లు ఉన్నాయి.

మరీ పాతవాటి విషయంలో చరిత్ర కూడా తెలియాలి. అమెరికా సైన్యపు 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌నే తీసుకోండి. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో 8,00,000 లోపు తయారీ నంబరుతో తయారైనవాటిలో కొన్ని, ఉక్కును కాల్చడంలో వేడి మోతాదు మించి పెళుసుబారాయి, కొన్ని పగిలిపోయాయి కూడా. చూపుకు అన్నీ ఒకలాగే ఉంటాయి, తేడా చెప్పేది నంబరే. పాత సైనిక తూటాల ప్రైమర్లలో, అంటే మందుకు నిప్పంటించే అడుగు బిళ్లల్లో, వాడిన పొటాషియం క్లోరేట్ మండాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. ఉప్పు తేమను పీలుస్తుంది. అందుకే మౌజర్లు, లీ-ఎన్‌ఫీల్డ్‌లు, మోసిన్-నాగాంట్‌లు లాంటి ఎన్నో పాత సైనిక రైఫిళ్లు పైకి బాగున్నా లోపల గుంటలు పడి ఉంటాయి. ఇంకో వైపు, 1936లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 70 వేట రైఫిల్ ఉంది. తయారీ ఖర్చు తగ్గించుకోవడానికి 1964లో దాన్ని మార్చేశారు. మార్పుకు ముందువాటినే ఈనాటికీ వెతుక్కుంటూ తిరిగేవాళ్లున్నారు. తయారైన ఏడాది మంచికీ చెడుకీ రెండింటికీ ఆనవాలే.

మరి కొత్తది ఎవరికి? ఎడమచేతి వాటం వాళ్లకి, పొట్టిగా ఉన్నవాళ్లకి, తమ భుజానికి సరిపడే కొలత పాతవాటిలో దొరకనివాళ్లకి. వానలో, మంచులో రోజుల తరబడి తిరిగేవాళ్లకి స్టెయిన్‌లెస్ బ్యారెల్, కర్ర బదులు తేమకు ఉబ్బని సింథటిక్ పిడి నిజంగా వరమే. చెక్క ఉబ్బితే బ్యారెల్‌ని నొక్కి గురి జరిపేస్తుంది. గ్యారంటీ కూడా చిన్న విషయం కాదు.

కానీ 100 మీటర్లలో మూడు తూటాలు 3 సెంటీమీటర్లలోపు పడతాయన్న హామీ ఒక్కటీ చూసి కొత్తదానికి ఎక్కువ పెట్టొద్దు. జింక గుండె, ఊపిరితిత్తులు కలిపి దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పున ఉంటాయి. 5 సెంటీమీటర్లలో కొట్టే పాత రైఫిల్ ఆ పనికి సరిపోతుంది. ఆ జంతువు నొప్పితో పొదల్లో గంటలు గంటలు పడి ఉండకుండా చూసేది కాల్చే మనిషి చేయి, సాధన. అందుకే వాడినది కొని మిగిలిన డబ్బును మంచి స్కోప్‌కీ తూటాలకీ పెట్టమంటాను.

ఏది కొన్నా, అమ్మే మనిషి దగ్గర రైఫిల్ తయారీ నంబరు ముందే తీసుకుని, దొంగ సొత్తు కాదనీ, తయారీదారు వెనక్కి పిలిచిన రకం కాదనీ తేల్చుకోండి. బదిలీ కాగితాలు పూర్తయ్యాకే ఇంటికి తెచ్చుకోండి.

తెచ్చుకున్నాక ఒక పని చేయండి. వేటలో పనిచేసేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా. కాబట్టి గురి సాధన చేసే రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ మొట్టమొదటి తూటాను ఒకే కాగితం మీద కాల్చి, పక్కన తేదీ రాయండి. మిగతా సాధన వేరే కాగితాల మీద చేసుకోండి. పది సార్లు వెళ్లొచ్చేసరికి ఆ కాగితం మీద పది రంధ్రాలుంటాయి. అవి మీ అరచేతి కింద దాగిపోయేంత దగ్గరగా పడ్డాయా లేదా చూసుకున్నాకే అడవికి బయల్దేరండి.

నమస్కారం.